కేజీ నలభై

పూర్ణా మార్కెట్ వెనక సందులో
అప్పలనరసయ్య పాత కాగితాల కొట్టు.
చదవాల్సిన పుస్తకమైనా, చదివి పారేసిన పేపరైనా
ఆయన తక్కెడకి ఒకటే:
కేజీ నలభై.

బరువు తగ్గుతుందని
గట్టి అట్టలు ఊడదీసి తూయమంటాను.
"తలుపుల్లేని ఇల్లు కొంటావేటమ్మా" అంటాడు,
అని, ఊడిన అట్టలు ఊరికే సంచిలో పడేస్తాడు.

ఈ ఆదివారం
కాంతి పాఠంతో మొదలయ్యే ఎనిమిదో తరగతి భౌతికశాస్త్రం దొరికింది.
కాంతికి ముందు ఏముండేదో చెదలకే తెలుసు.
గుండె బొమ్మకి ఎవడో మీసాలు దిద్దిన జీవశాస్త్రం.
ఇంకా ఒక నక్షత్రాల పటం, ఏ ఓడ దిగి వచ్చిందో,
అక్షరం ముక్క మాకు రాని భాష.
చుక్కలు మాత్రం మా డాబా మీదవే.
కేజీ మూడొందలు తూగింది. యాభై రెండు.
రెండు రూపాయలు వదిలేశాడు,
"గుంట చదువుతాది కదా."

బడి మాని పద్నాలుగు నెలలు.
నేనే మానిపించానని వీధిలో అంటారు.
మూడో అంతస్తులో క్లాసు,
మెట్టు మెట్టుకీ జోషిత ఛాతీలో పిల్లికూతలు,
హాజరు చాలదని ఇంటికొచ్చిన కాగితం.
కేజీహెచ్‌లో మందులు రాస్తూ డాక్టరమ్మ
ఇల్లెక్కడని అడిగింది.
వన్‌టౌన్ అన్నాను.
ఆవిడ కలం కాసేపు ఆగింది.

డాబాగార్డెన్స్ పెద్ద షాపులో
సైన్సు కిట్టు ధర చూసి
పెట్టెని మళ్ళీ అరలో నెమ్మదిగా పెట్టాం,
పగులుతుందేమో అన్నట్టు.
పిల్ల ఆ పెట్టె మీది బొమ్మలు కంఠతా పట్టుకొచ్చింది.
అయస్కాంతం పాడైన స్పీకరులోంచి పీకాం.
భూతద్దం, గీతలు పడ్డది,
గడియారాల రిపేరు ముసలాయన ఇరవైకిచ్చాడు.
మిగతావి ఇంకా పెట్టెలోనే ఉన్నాయి.

మా కిటికీ గట్టు మీద రోజూ పోర్టు దిగుతుంది.
పొద్దున్న తుడిస్తే మధ్యాహ్నానికి
ఎర్రగా కొంత, నల్లగా కొంత.
ఇప్పుడు దాన్ని తుడవనివ్వదు.
ఎవరిదో పెళ్ళిపత్రిక మీదికి ఎత్తి
కింద అయస్కాంతం ఆడించింది.
కొంత ధూళి వెంట్రుకల్లా నిక్కబొడుచుకుంది.
కొంత పడుకునే ఉంది.
"లేవనిది బొగ్గేనా అమ్మా?"
నాది ఇంటర్ సీఈసీ, అందులోనూ ఒక పేపరు మిగిలిపోయింది.
చీరల ఫాల్స్ కుడుతూ, మిషను ఆపకుండా,
తెలీదన్నాను.
నోటుపుస్తకంలో రాసుకుంది:
అమ్మకి తెలీదు. చూడాలి.
అలాంటి పేజీలు చాలా అయ్యాయి.

సాయంత్రం బీచిలో
ముంత మసాలా అయిపోయాక పొట్లం విప్పితే
నూనె మరకల మధ్య గడులు, గడుల్లో అంకెలు.
మూలకాల పట్టిక!
ఇరవై ఐదు, మాంగనీసు,
అక్కడికి చిరిగిపోయింది.
"ఇనుము ఇరవై ఆరు," అంది జోషిత,
ఎవరో వాకిట్లోకి వచ్చి వెళ్ళిపోయినట్టు.

బండి దగ్గరికి వెళ్ళి రెండో ముక్క అడిగాం.
అతను నవ్వలేదు.
కాగితాల దొంతరంతా తిరగేశాడు,
ఉల్లిపాయ చేత్తోనే.
"ఇప్పుడే ఇచ్చేసినానమ్మా,
అదిగో, ఆ నీలం చొక్కా కుర్రోడికి."

నేను తిరిగి చూసేలోగా పరిగెత్తింది,
ఇసకలో, చెప్పులు వదిలేసి.
సంచిలో ఇన్‌హేలర్ కోసం తడుముతూ
వెనకాలే నేను,
చెవులు రిక్కించి.
అలల చప్పుడు ఒకటే వినిపించింది.
గాలి సముద్రం మీంచి వస్తోంది.

కుర్రాడి పొట్లంలో ఇంకా సగం మరమరాలున్నాయి.
వాడు ఒక్కొక్కటే ఏరుకు తింటున్నాడు.
జోషిత వాడి ఎదురుగా నిలబడింది,
చేతిలో మాంగనీసు పట్టుకుని.